పదహారు కిలోల రాళ్లు

దక్షిణ ధ్రువాన్ని మొదట చేరినవాడు నార్వే దేశస్థుడైన రోల్డ్ అముండ్‌సెన్ అనీ, ఆయన తరువాత చేరినవాడు ఆంగ్లేయుడైన రాబర్ట్ ఫాల్కన్ స్కాట్ అనీ మనం బడిలో చదువుకున్నాం. మొదటివాడు గెలిచాడు, రెండవవాడు తిరుగుదారిలో మరణించాడు. ఈ రెండు మాటలతో పాఠం ముగిసేది. అయితే ఆ యాత్రల వెనుక ఉన్న లెక్కలను, సామగ్రిని, చిన్న చిన్న నిర్ణయాలను పరిశీలించినప్పుడు, స్టోర్సుతో, యంత్రాలతో నిత్యం పని ఉండే మనవంటి వారికి ఆ కథ మరింత దగ్గరగా తోస్తుంది.

ధ్రువయాత్ర అంటే వెళ్లడం మాత్రమే కాదు, తిరిగి రావడం కూడా. 1909 జనవరి 9న ఎర్నెస్ట్ షాకల్‌టన్, మరి ముగ్గురు సహచరులు ధ్రువానికి సుమారు 180 కిలోమీటర్ల దూరంలో ఆగిపోయారు. అంతవరకు ఏ మానవుడూ అంత దక్షిణానికి వెళ్లలేదు. ముందుకు సాగితే ధ్రువం అందేదేమో గాని, తిరిగి రావడానికి ఆహారం చాలదు. షాకల్‌టన్ వెనుదిరిగాడు. నలుగురూ ప్రాణాలతో బయటపడ్డారు.

మంచు ఖండం లోపలి భాగంలో తినడానికి ఏమీ దొరకదు. అందుచేత ముందు ఏడాదే దారి పొడవునా ఆహారాన్ని, కిరోసిన్‌ను నిల్వ చేసి ఉంచుకోవాలి. అముండ్‌సెన్ తన నిల్వలకు రెండు వైపులా, దారికి అడ్డంగా, కొన్ని కిలోమీటర్ల మేర జెండాలు నాటించాడు. పొగమంచులో దారి తప్పినా ఏదో ఒక జెండా కంటపడుతుందని ఆయన ఆలోచన.

స్కాట్ తన ప్రధానమైన నిల్వను 80 డిగ్రీల దక్షిణ అక్షాంశం వద్ద ఉంచదలచాడు. కాని 1911 ఫిబ్రవరిలో సామాను లాగే పొట్టి గుర్రాలు నీరసించిపోయాయి. ఇంకా ముందుకు పోదామని సహచరుడు ఓట్స్ పట్టుబట్టాడు. ఆ మూగజీవాలను మరింత బాధపెట్టడానికి స్కాట్‌కు మనసొప్పలేదు. అనుకున్న చోటికి 50 కిలోమీటర్లకు పైగా ఇవతలనే సరుకు దింపారు. ఆనాడు అది పెద్ద తేడాగా తోచి ఉండదు.

రెండవది కిరోసిన్ డబ్బాల సంగతి. మంచును కరిగిస్తేనే తాగడానికి నీరు, వంటకు వేడి. స్కాట్ బృందం వాడిన డబ్బాల మూతలకు తోలు వాషర్లు ఉండేవి. తీవ్రమైన చలిలో అవి పట్టు కోల్పోవడంతో ఇంధనం కొంచెం కొంచెంగా ఆవిరైపోయింది. తిరుగుదారిలో ఒక్కొక్క నిల్వ దగ్గరా డబ్బాలు వెలితిగా కనిపించాయి. అముండ్‌సెన్ మాత్రం తన డబ్బాలకు ముందుగానే టంకం వేయించి మూయించాడు.

1911 డిసెంబరు 14న అముండ్‌సెన్ బృందం ధ్రువాన్ని చేరి, 1912 జనవరి 25న క్షేమంగా స్థావరానికి తిరిగి వచ్చింది. స్కాట్, ఆయన నలుగురు సహచరులు 1912 జనవరి 17న ధ్రువాన్ని చేరేసరికి అక్కడ నార్వే జెండా, గుడారం వారికి ఎదురయ్యాయి. తిరుగుదారిలో ఫిబ్రవరి 17న ఎడ్గర్ ఎవాన్స్ మరణించాడు. మార్చి మధ్యలో, తన కాళ్లు చలికి చెడిపోయి మిగిలినవారికి భారమవుతున్నానని గ్రహించిన ఓట్స్, మంచు తుపానులోకి నడిచి వెళ్లిపోయాడు. మిగిలిన ముగ్గురూ మార్చి చివర గుడారంలోనే కన్నుమూశారు. అక్కడికి ఆ నిల్వ సుమారు 20 కిలోమీటర్ల దూరం. అనుకున్న చోటనే ఉంచి ఉంటే, చివరి శిబిరం వేయకముందే అది వారికి దారిలో తగిలి ఉండేది.

1912 నవంబరు 12న వెదుకుతూ వచ్చినవారికి ఆ గుడారం కనిపించింది. అక్కడ శవాలతోపాటు డైరీలు, ఉత్తరాలు ఉన్నాయి. సుమారు 16 కిలోల రాళ్లు కూడా ఉన్నాయి! ఫిబ్రవరిలో బియర్డ్‌మోర్ హిమానీనదం దగ్గర ఏరిన రాళ్లవి. అడుగు వేయడమే కష్టమైన స్థితిలోనూ వారు వాటిని పారవేయలేదు. ఆ రాళ్లలో గ్లాసాప్టెరిస్ అనే ప్రాచీన వృక్షజాతి ఆకుల ముద్రలు ఉన్నాయి. నేడు చెట్టన్నదే మొలవని నేల ఒకనాడు అడవులతో నిండి ఉండేదని అవి సాక్ష్యమిచ్చాయి.

ఈ ఆకుల ముద్రలు మనకు కొత్తవి కావు. భారతదేశపు గోండ్వానా బొగ్గు పొరలలో, గోదావరి లోయలోని సింగరేణి ప్రాంతంతో సహా, ఇదే వృక్షజాతి శిలాజాలు లభిస్తాయి. ఒకప్పుడు అంటార్కిటికా, భారతదేశం, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా ఒకే మహాఖండంగా ఉండేవన్న సిద్ధాంతానికి ఈ శిలాజాలు బలమైన ఆధారాలు. ఆ మహాఖండానికి గోండుల నేల పేరు మీదుగానే గోండ్వానా అన్న పేరు వచ్చింది. మన బొగ్గూ ఆ గుడారంలోని రాళ్లూ ఒకే అడవి సంతానమన్నమాట.

డాక్టర్ ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో మన దేశపు తొలి బృందం 1981 డిసెంబరులో గోవా నుండి బయలుదేరి, 1982 జనవరిలో ఆ ఖండం మీద అడుగుపెట్టింది. తరువాత దక్షిణ గంగోత్రి, 1989లో మైత్రి, 2012లో భారతి కేంద్రాలు వెలిశాయి. పందేలు ముగిసి పరిశోధన మిగిలింది.

స్కాట్ ధైర్యానికి లోటు లేదు. ఆయన సహచరుల త్యాగానికీ లోటు లేదు. లోటల్లా ఒక వాషరులో, ఒక నిల్వ దూరంలో వచ్చింది. వారు విడిచిపెట్టని రాళ్లను స్మరించుకుంటూనే, వారికి వెలితిపడిన ఆ డబ్బాలను కూడా మనం మరువరాదు. రేపు ఉదయం పనిలోకి దిగే ముందు మూత ఒకసారి బిగించి చూసుకోవడం వారికి మనం ఇవ్వగలిగిన గౌరవమే.