పంపుకి కరెంటు ఎవరిస్తారు?

2007 జులైలో ఇంగ్లండ్‌లో సెవర్న్ నది పొంగింది. గ్లాస్టర్ ఊరి పక్కన వాల్హమ్ అనే సబ్‌స్టేషన్ ఉంది. సుమారు 5 లక్షల మందికి కరెంటు దాని మీదుగానే వెళ్తుంది. వరద నీళ్లు దాని దాకా వచ్చేశాయి. సైన్యం, ఫైర్ సిబ్బంది, పర్యావరణ శాఖ వాళ్లు కలిసి ఆదరాబాదరాగా చుట్టూ దాదాపు కిలోమీటరు పొడవున తాత్కాలిక గోడ నిలబెట్టారు. అయినా లోపలికి ఊరుతున్న నీళ్లని పెద్ద పంపులతో ఆపకుండా తోడారు. కొన్ని అంగుళాల తేడాతో సబ్‌స్టేషన్ బతికిపోయింది.

అదే ఊళ్లో కాసిల్ మీడ్స్ అనే ఇంకో సబ్‌స్టేషన్‌ని మాత్రం ఆపేయక తప్పలేదు. దాదాపు 42 వేల మంది ఒక రోజు దాకా చీకట్లో ఉన్నారు. వాల్హమ్ కూడా పోయుంటే? లక్షల మంది సంగతి. అక్కడి తాగునీటి కేంద్రం అప్పటికే మునిగి, మూడున్నర లక్షల మందికి కుళాయి నీళ్లు కూడా రావడం లేదు.

ట్రిపుల్ ఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ లక్షల మందిలో నేనొకణ్ణి. సబ్‌స్టేషన్ అంటే పరీక్ష కోసం గీసిన బొమ్మే తప్ప, దానికి నీళ్లు ఎందుకు పడవో ఎప్పుడూ ఆలోచించలేదు. నిజానికి వాన దానికి సమస్యే కాదు. పైనున్న తీగలు, పింగాణీ ఇన్సులేటర్లు తడవడానికే తయారయ్యాయి. ప్రాణమంతా కింద ఉంటుంది. ఫాల్ట్ వస్తే క్షణంలో లైన్ కట్ చేసే రిలేలు, వాటికి కరెంటిచ్చే బ్యాటరీలు, నేలలో తవ్విన కేబుల్ ట్రెంచ్‌లు, నడుం ఎత్తులో ఉండే కంట్రోల్ డబ్బాలు. మోకాలి లోతు బురద నీళ్లు చాలు వీటి పని అయిపోవడానికి.

మరి ఎంత నీరు తోడాలి? చిన్న లెక్క. ఎకరం స్థలంలో గంటకి 100 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. కుంభవృష్టే, కానీ మనం చూడనిది కాదు. మొత్తం 4 లక్షల లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్లు నలభై. ఆ నీటిని గంటలో ఐదు మీటర్ల ఎత్తుకి ఎత్తి పోయడానికి ఎంత పవర్ కావాలో లెక్కేస్తే నాకే నవ్వొచ్చింది. మామూలు సామర్థ్యం లెక్కన సుమారు 9 కిలోవాట్లు. పొలాల్లో వాడే 5 హెచ్‌పీ మోటార్లు మూడుంటే ఇంకా మిగులుతుంది.

అంత తేలికైతే మునగడమెందుకు?

తోడిన నీరు ఎక్కడికి పోవాలి అన్నది మొదటి చిక్కు. బయట కాలువ నిండుగా పారుతుంటే, మనం పంపిన నీరు అదే పైపులోంచి వెనక్కి తన్నుకొస్తుంది. అందుకే పైపుకి వెనక్కి రానివ్వని వాల్వ్ పెడతారు. చుట్టూ గోడ లేకపోతే అదీ దండగే, అటు పోసిన నీరు ఇటు తిరిగొస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ వైపు కాలనీలన్నీ ఒకే గిన్నె అయిపోయాయి. అలాంటి చోట గోడ లేకుండా ఎంత పెద్ద పంపు పెట్టినా ఆ గిన్నెలో నీళ్లని గిన్నెలోనే కలుపుతున్నట్టు.

ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల లీటర్ల నూనె ఉంటుంది. కారితే పట్టడానికి కింద గొయ్యి కడతారు. వానకి ఆ గొయ్యిలోనూ నీరు చేరుతుంది, దాన్నీ తోడాలి. కానీ నూనె చుక్క కూడా కాలువలోకి పోకూడదు. నూనె పైన తేలుతుంది కదా, అందుకని పంపు అడుగు నుంచి నీరు తాగుతుంది. నూనె పొర దగ్గరికి రాగానే సెన్సర్ పసిగట్టి మోటార్ ఆపేస్తుంది. ఎప్పుడు ఆగాలో తెలియడమే ఆ పంపు తెలివి.

మామూలు సంపులో ఉండే ఫ్లోట్ స్విచ్ కూడా తక్కువ తిన్నదేం కాదు. నీరు ఒక గీత దాటితే మోటార్ ఆన్, అంతకంటే బాగా కిందున్న ఇంకో గీతకి దిగితేనే ఆఫ్. రెండూ ఒకే గీత అయితే అలల కుదుపుకే మోటార్ నిమిషానికి పదిసార్లు ఆగి మొదలవుతుంది. మొదలైన ప్రతిసారీ మామూలు కంటే ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది. కాసేపటికి కాలిపోతుంది.

ఇక రెండో చిక్కు, టైటిల్‌లో అడిగింది.

హైదరాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో మెయిన్ ప్యానెల్ బోర్డు సెల్లార్‌లో ఉంది. నీళ్లు తోడే మోటార్‌కి సప్లై ఆ బోర్డు నుంచే. జనరేటర్ కూడా అక్కడే ఓ మూలన. మొన్నొక వానాకాలం రాత్రి నీరు ప్యానెల్ అంచుకి చేరేసరికి వాచ్‌మన్ మెయిన్ దించేశాడు. సరైన పనే, లేకపోతే ఆ నీళ్లలో ఎవరో ఒకరు షాక్ కొట్టి పోయేవాళ్లు. కానీ మెయిన్‌తో పాటు మోటారూ ఆగింది. నీరు ఇంకా పెరిగింది. జనరేటర్ మునిగింది. మూడో ఫ్లోర్‌లో ఆక్సిజన్ మెషీన్ మీదున్న పెద్దాయనని ఫోన్ లైట్ల వెలుగులో కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మెట్ల మీదుగా దించాం. దారంతా ఆయన శ్వాస చప్పుడు తప్ప ఎవరం మాట్లాడలేదు.

మా ఫీల్డ్‌లో దీన్ని సర్క్యులర్ డిపెండెన్సీ అంటారు. ఒకటి బతకాలంటే రెండోది బతకాలి, రెండోది బతకాలంటే ఒకటోది. కోడ్‌లో అయితే కంపైలర్ ఎర్రగా అరుస్తుంది. బిల్డింగ్ ప్లాన్‌లో అరిచేవాళ్లు లేరు.

ఇది పెద్ద పెద్ద వాళ్లకీ జరిగింది. 2012 అక్టోబరు 29 రాత్రి శాండీ తుపాను న్యూయార్క్‌ని కొట్టింది. బెల్‌వ్యూ ఆసుపత్రి జనరేటర్లు 13వ అంతస్తులో భద్రంగానే ఉన్నాయి. వాటికి డీజిల్ ఎక్కించే పంపులు మాత్రం బేస్‌మెంట్‌లో! అవి మునిగాక సిబ్బంది, సైనికులు మెట్ల మీద వరసగా నిలబడి డీజిల్‌ని చేతులు మార్చుకుంటూ పైకి అందించారు. అదే రాత్రి 13వ వీధిలోని సబ్‌స్టేషన్ పన్నెండున్నర అడుగుల ఉప్పెనకి సిద్ధంగా ఉంటే, వచ్చింది దాదాపు 14 అడుగులు. అది పేలి, మన్‌హాటన్ దక్షిణ భాగం రోజుల పాటు చీకట్లో ఉంది. తర్వాత ఆ కంపెనీ గోడలు కట్టింది, గేట్లు బిగించింది, కంట్రోల్ పరికరాలని పైకెత్తింది, పంపులు పెట్టింది.

నన్నడిగితే ముందు చేయాల్సింది పైకెత్తడమే. తర్వాత గోడ. ఆ తర్వాతే పంపు, అదీ తాను కాపాడే కరెంటు మీద ఆధారపడనిది. వరదలకి వాడే పెద్ద పంపుల్లో డీజిల్ ఇంజన్‌కి నేరుగా బిగించినవి ఉంటాయి, వాటిలో మధ్యలో కరెంటే ఉండదు. ఇందులో కొత్తేముంది? కరెంటు లేని రోజుల్లో మన రైతులు ఆయిల్ ఇంజన్‌తో బావి తోడలేదా?

సొంత కరెంటు ఉన్నా పూర్తి నిశ్చింత లేదు. 2017లో న్యూ ఆర్లియన్స్‌లో వాన నీరు తోడే పాత పంపులు నగరం సొంతంగా తయారు చేసుకునే 25 హెర్ట్జ్ కరెంటుతో తిరిగేవి. వీధిలోని 60 హెర్ట్జ్ కరెంటు వాటికి నేరుగా ఎక్కదు. 2017 ఆగస్టు 5న గట్టి వాన పడేసరికి సొంత టర్బైన్లు కొన్ని, పంపులు కొన్ని పనిచేయని స్థితిలో ఉన్నాయి. వీధులు మునిగాయి.

మనకీ ఈ లెక్క దగ్గరపడుతోంది. 2014లో హుద్‌హుద్ స్తంభాలని నేలకూల్చాక విశాఖలో కరెంటు తీగల్ని భూమిలోకి దించడం మొదలుపెట్టారు. మంచిదే, గాలి భయం తగ్గుతుంది. కానీ కేబుల్ నీళ్లకి తట్టుకున్నా, దాని జాయింట్లు, వీధి పక్కనుండే స్విచ్ పెట్టెలు తట్టుకోవాలిగా. ఆ పెట్టె ఎంత ఎత్తు దిమ్మ మీద ఉందన్నది ఇక కీలకం.

మీ సెల్లార్‌లో కూడా ఓసారి చూడండి. ప్యానెల్ ఎంత ఎత్తులో ఉంది, పంపుకి వైరు ఎక్కణ్ణుంచి వస్తోంది, దాని పైపు బయట ఎక్కడ తేలుతోంది. కరెంటు పని మీరు ముట్టుకోవద్దు, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

మా దగ్గర మూడు మీటింగులయ్యాక ఒక డీజిల్ పంపు కొన్నారు, గ్రౌండ్ ఫ్లోర్‌లో పెట్టారు. ప్యానెల్ బోర్డు పైకి మార్చే విషయం మాత్రం వచ్చే మీటింగ్‌కి వాయిదా పడింది. దానికి రెండు పార్కింగ్ స్లాట్లు పోతాయట.