పాత ట్రాక్టర్‌కు డైనమో బదులు ఆల్టర్నేటర్: బిగించేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పాత ట్రాక్టర్లలో ఇంజిన్ బాగానే ఉన్నా, ఉదయాన్నే సెల్ఫ్ తిరగక తోయాల్సి రావడం చాలామంది రైతులకు అనుభవమే. రాత్రి ట్రాలీతో రోడ్డెక్కితే లైట్లు మసకబారతాయి. కొందరు స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ మోటారు దగ్గరే షార్ట్ చేసి స్టార్ట్ చేస్తుంటారు. ఆ సమయంలో బండి గేరులో ఉంటే చక్రం మనిషి మీదికే వస్తుంది. ఈ పని ఎప్పుడూ చేయకండి.

ఎందుకిలా జరుగుతుంది?

పాత డైనమోలు చాలావరకు 11 నుంచి 22 ఆంపియర్ల కరెంటే ఇస్తాయి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు దాదాపు ఏమీ ఇవ్వవు. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండు వెలిగితేనే 9 ఆంపియర్లు కావాలి. వెనుక లైటు, పాటల పెట్టె కలిస్తే బ్యాటరీకి మిగిలేది ఉండదు. ఆల్టర్నేటర్ తక్కువ వేగంలో కూడా ఛార్జ్ చేస్తుంది. 35 ఆంపియర్లది చిన్న ట్రాక్టర్‌కు సరిపోతుంది.

ముందుగా ఇవి చూడండి

• టెర్మినళ్లకు పట్టిన తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగి, వ్యాజిలిన్ రాయండి.
• ఎర్త్ తీగ బిగువుగా ఉందో లేదో, ఫ్యాన్ బెల్టు వదులైందేమో చూడండి.
• బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తగినంత ఉండాలి.
• రాత్రంతా ఆపి ఉంచిన బండి బ్యాటరీ మల్టీమీటర్‌లో 12.6 వోల్టుల దాకా చూపాలి. ఇంజిన్ వేగం పెంచితే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 13 కూడా దాటకపోతే ఛార్జింగ్ లేదని అర్థం.

చాలాసార్లు లోపం ఇక్కడే దొరుకుతుంది. అప్పుడు మార్చే ఖర్చు తప్పుతుంది.

మార్చేటప్పుడు

• కొన్ని పాత బండ్లలో పాజిటివ్ తీగ ఎర్త్ అయి ఉంటుంది. మామూలు ఆల్టర్నేటర్‌కు నెగెటివ్ ఎర్త్ కావాలి. ఇది చూడకుండా కలిపితే డయోడ్లు కాలిపోతాయి.
• రెగ్యులేటర్ లోపలే ఉన్న ఆల్టర్నేటర్ తీసుకుని, పాత కటౌట్ పెట్టెను కనెక్షన్ నుంచి తప్పించండి.
• బ్యాటరీకి వెళ్లే తీగ కనీసం 6 చదరపు మిల్లీమీటర్లది వేయించి, బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టించండి. పాత సన్నతీగ వేడెక్కి అంటుకోవచ్చు.
• ఛార్జింగ్ బల్బు తప్పక ఉండాలి. తాళం తిప్పగానే వెలిగి, ఇంజిన్ స్టార్టయ్యాక ఆరాలి.
• పుల్లీలు ఒకే వరుసలో ఉండాలి. బొటనవేలితో నొక్కితే బెల్టు 10 నుంచి 15 మిల్లీమీటర్లు దిగాలి.
• కొన్ని బండ్లలో గంటల మీటరు డైనమో వెనుక నుంచి తిరుగుతుంది. దానికి ఏం చేస్తారో మెకానిక్‌ను ముందే అడగండి.

మార్చాక

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగలు ఊడదీయకండి. ట్రాక్టర్‌కు వెల్డింగ్ చేయించే ముందు మాత్రం ఇంజిన్ ఆపి, బ్యాటరీ, ఆల్టర్నేటర్ తీగలు తీసేయండి.

ఈ పనిని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్‌తో వేసవిలోనే చేయించుకోండి. దమ్ములు మొదలయ్యాక బండి షెడ్డులో పెడితే రోజులు పోతాయి.