ఆటలో అరటిపండు – చిన్ననాటి ఆటలు, ఆరోగ్యపు పాఠాలు



పోయిన వేసవిలో మన ఆసుపత్రి ఆడవాళ్ళ వార్డులో ఒక చిన్న సంగతి జరిగింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్న ఒక మామ్మగారికి కూతురు, పదేళ్ళ మనవడు తోడుగా ఉన్నారు. మనవడు రోజంతా సెల్‌ఫోన్‌లోంచి తల ఎత్తేవాడు కాదు. మామ్మగారు రెండు రోజులు చూశారు. మూడో రోజు కూతురిచేత ఇంటి నుండి గుప్పెడు చింతపిక్కలు తెప్పించి, పాత క్యాలెండరు కాగితం వెనుక పెన్సిలుతో వరసకు ఏడు చొప్పున పద్నాలుగు గుండ్రాలు గీయించారు. సాయంత్రం మందులు ఇవ్వడానికి వెళ్ళిన సిస్టరుకు గుమ్మం దాకా వినిపించింది: "ఒరేయ్, పిక్క దాచావు! నేను చూశాను!" మనవడు పకపకా నవ్వుతున్నాడు. ఆ పూట మామ్మగారు నొప్పి మాట ఎత్తలేదు.

ఆ కబురు టీ దగ్గరకు వచ్చింది. డాక్టర్లు, నర్సులు, ఫిజియోథెరపీవారు, ఆఫీసువారు అందరం ఎవరి ఆటలు వాళ్ళం చెప్పుకోవడం మొదలుపెట్టాం. టీ చల్లారిపోయింది గాని కబుర్లు ఆగలేదు. వాటిలో కొన్ని మీతో పంచుకుంటున్నాం.

పేర్లు వేరు, ఆట ఒకటే

కోస్తా వైపు పెరిగినవారు బిళ్ళంగోడు అంటే, తెలంగాణ నుండి వచ్చినవారు చిర్రగోనె అన్నారు. మామ్మగారి వామనగుంటలు వారికి ఓనగుంటలు. కబడ్డీని మాలో పెద్దవారు ఇప్పటికీ చెడుగుడు అనే అంటారు. ఏడు పెంకులాటకు బంతి కొనే డబ్బులు లేక, పాత గుడ్డలు ఉండచుట్టి, సైకిల్ ట్యూబు ముక్కలు బిగించి బంతి చేసుకొనేవాళ్ళం. ఆ బంతి వీపుకు తగిలితే రాత్రి పడుకొనే దాకా గుర్తుండేది. తొక్కుడుబిళ్ళకు నునుపైన పెంకు ఒకటి దొరికితే పుస్తకాల సంచిలో పలకతోపాటు దాచుకొనేవాళ్ళం. ఎండవేళ బయటికి పోనివ్వకపోతే అరుగు మీద అచ్చనగాయలు, అష్టాచెమ్మా. వెన్నెల రాత్రి అయితే దాగుడుమూతలు.

దేనికీ పెట్టుబడి లేదు. నాలుగు గవ్వలు, ఒక సుద్దముక్క, చింతపిక్కలు ఉంటే చాలు. పంటలు వేసుకొని, అందరూ పండిపోగా మిగిలినవాడు దొంగ. పంపకాలకు పెద్దవాళ్ళు రానక్కరలేదు. తగువు వస్తే మేమే తీర్చుకొనేవాళ్ళం. తీరకపోతే మర్నాడు మళ్ళీ అదే చోట కలిసేవాళ్ళం.

డ్రిల్లు పీరియడు

మాలో చాలామంది మిషన్ స్కూళ్ళలో చదివినవారే. సాయంత్రం ఆఖరి పీరియడు డ్రిల్లు. మాస్టారు ఈల వేస్తే చాలు, లెక్కల పుస్తకం మూయకుండానే పరుగెత్తేవాళ్ళం. మొదట వరసలు, చేతులు చాచి దూరం కొలుచుకోవడం, తరువాత కసరత్తులు, ఆ తరువాతే ఆట. ఆగస్టు 15 వస్తోందంటే నెల ముందు నుండీ మాస్ డ్రిల్లు. ఆ రోజున గోనెసంచి పరుగు, చెంచాలో నిమ్మకాయ పరుగు, తాడు లాగుడు. బహుమతిగా వచ్చే సబ్బుపెట్టెను ఇంట్లో ఎవరినీ వాడనిచ్చేవాళ్ళం కాము.

ఈ డ్రిల్లు పీరియడు వెనుక ఒక చరిత్ర ఉంది. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. తరఫున వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. బడి పిల్లలకు ఆటలు నేర్పడానికి కూడా శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉండాలన్న ఆలోచన ఈ దేశంలో వేళ్ళూనడానికి ఆ కళాశాల ఎంతో తోడ్పడింది. మన ఊళ్ళలో ఇంతగా ఆడే వాలీబాల్ (1895), బాస్కెట్‌బాల్ (1891) రెండూ అమెరికాలోని వై.ఎం.సి.ఎ. వ్యాయామశాలల్లో పుట్టినవే.

మన ఆటలూ ఊళ్ళోనే ఉండిపోలేదు. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ మొదటిసారి పతకాల ఆట అయింది. బంగారు పతకం మనవారిదే. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్‌ను మన పురుషుల జట్టు, స్త్రీల జట్టు రెండూ గెలిచాయి.

కబడ్డీ గురించి మాలో ఒక పెద్దాయన చెప్పిన మాట ఇక్కడ రాయాలి. "మా ఊళ్ళో మమ్మల్ని తాకితే స్నానం చేసే రోజుల్లో నేను పెరిగాను. మిషన్ కాంపౌండులో మాత్రం అందరం కలిసి చెడుగుడు ఆడేవాళ్ళం. ఎదుటివాణ్ణి పట్టుకోకుండా ఆ ఆట ఆడటం ఎవరి తరం?" అన్నారాయన. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఈలవేసే అబ్బాయి

చిన్నపిల్లలు ఏడుస్తూ వెంటపడితే మనం ఏం చేసేవాళ్ళం? "సరే, నువ్వు ఆటలో అరటిపండు" అని చేర్చుకొనేవాళ్ళం. వాడు పరుగెత్తవచ్చు, కేరింతలు కొట్టవచ్చు. అవుటయినా అవుట్ కాదు, దొంగ కూడా కానక్కరలేదు. బలహీనుణ్ణి వదిలిపెట్టకుండా పిల్లలు తామే కట్టుకొన్న నియమం అది. ఎంత మంచి నియమమో అనుకొంటూ వచ్చాం, మొన్న మొన్నటి దాకా.

మాలో కొందరు చదివిన తరగతిలో పోలియో వచ్చిన అబ్బాయి ఒకడు ఉండేవాడు. ఎడమ కాలికి ఇనుప క్యాలిపర్. డ్రిల్లు పీరియడులో మా చొక్కాలకు, చెప్పులకు కాపలా ఉండేవాడు. మాస్టారు దయగలవారు. ఒక రోజు వాడి చేతికి ఈల ఇచ్చి, "ఇక నుంచి స్కోరు నువ్వే రాయాలి" అన్నారు. మేము చప్పట్లు కొట్టాం. వాడు స్కోరు ఎంత నిజాయితీగా రాసేవాడంటే, ఓడినవారు కూడా ఎదురు చెప్పేవారు కాదు. వాడికి మేలు చేశామనే సంతోషంతో బడి ముగించాం.

కొన్నాళ్ళ క్రితం ఆయన మనవరాలిని మన పిల్లల ఓ.పి.కి తీసుకువచ్చారు. గుర్తుపట్టి కౌగిలించుకున్నాం. పాత కబుర్లలో ఈల సంగతి మేమే ఎత్తాం. ఆయన నవ్వి, "ఈల బాగానే ఉండేది. కానీ ఒక్కసారైనా నన్నూ పంటలలో వేసి, నన్నూ దొంగను చేస్తారేమో అని ఐదేళ్ళు చూశాను. ఎవరినీ పట్టుకోలేకపోయేవాణ్ణే. అయినా ఓడిపోయేవాణ్ణి కదా, మీ అందరిలాగా!" అన్నారు.

మాకు జవాబు రాలేదు. ఆ మాట ఇప్పటికీ మాతోనే ఉంది. పేరు రాయవద్దని, సంగతి మాత్రం తప్పకుండా రాయమని ఆయన చెప్పబట్టే ఇక్కడ రాస్తున్నాం. దయ చూపించడం వేరు, ఆటలో చేర్చుకోవడం వేరు. పసివాడికి అరటిపండు కావడం ముద్దు. పదేళ్ళవాడికి అది గోడ అవతల నిలబెట్టడమే.

దేవుని కృపవలన, 2011 జనవరి తరువాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు. 2014 మార్చి 27న మన ప్రాంతానికి పోలియో రహిత ధ్రువపత్రం వచ్చింది. కాని ఆటలో చేరని పిల్లలు ఇంకా ఉన్నారు. ఉబ్బసం ఉన్న పిల్ల, వినికిడి తక్కువైన పిల్లవాడు, లావుగా ఉన్నాడని అందరూ నవ్వే పిల్లవాడు, పెద్దమనిషి అయిందని గడప దాటనివ్వని ఆడపిల్ల. మా సిస్టర్లలో ఇద్దరు, తమ తొక్కుడుబిళ్ళ ఏ రోజున ఆగిపోయిందో తేదీతో సహా చెప్పారు. ఎముకలు గట్టిపడవలసిన వయసు సరిగ్గా అదే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి మన శ్రీకాకుళం ఆడపడుచేనని ఆ తల్లిదండ్రులకు గుర్తుచేయాలి.

మా డాక్టర్లు చెప్పే మాటలు

1. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 5 నుండి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్ళు వేడెక్కే ఆట కావాలి. వారానికి కనీసం 3 రోజులు ఎముకలకు, కండరాలకు బలమిచ్చే ఆటలు ఉండాలి. గెంతడం, పరుగెత్తడం, చెట్టెక్కడం అన్నీ అందులోనివే. అంటే తొక్కుడుబిళ్ళ, ఖోఖో, కోతికొమ్మచ్చి!

2. బయటి వెలుతురు కళ్ళకు మంచిది. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడిలో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే ఏర్పాటు చేశారు. 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మూడేళ్ళలో ఆ పిల్లల్లో నూటికి 30 మందికి హ్రస్వదృష్టి వస్తే, మిగిలిన బడుల్లో దాదాపు 40 మందికి వచ్చింది.

3. రెండేళ్ళ లోపు పిల్లలకు ఫోను, టీవీ చూపించకపోవడమే మేలు. 2 నుండి 4 ఏళ్ళ వారికి రోజుకు గంట దాటకూడదు. అన్నం తినిపించడానికి ఫోను ఇవ్వడం మానండి.

4. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, షుగరు ఉన్న పిల్లలను మీ అంతట మీరే ఆట మాన్పించవద్దు. ఏది ఆడవచ్చో, ఎంత ఆడవచ్చో డాక్టరును అడగండి. చాలామందికి ఏదో ఒక ఆట ఉంటుంది.

5. ఎండాకాలం పదకొండు నుండి నాలుగు వరకు నీడపట్టున ఆడే ఆటలే మంచివి. మధ్యమధ్య నీళ్ళు తాగించండి.

6. దెబ్బ తగిలితే పారే నీటితో, సబ్బుతో కడగండి. కాఫీపొడి, పేడ, సున్నం పెట్టవద్దు. 10 ఏళ్ళకు, 16 ఏళ్ళకు ఇచ్చే టి.డి. టీకా వేయించారో లేదో చూసుకోండి.

7. బిళ్ళ కంటికి తగిలితే నలపవద్దు, నొక్కవద్దు. కంటికి ఒత్తిడి తగలకుండా పైన కప్పి వెంటనే తీసుకురండి.

8. శాశ్వత దంతం ఊడిపోతే వేరును ముట్టుకోకుండా పట్టుకొని, పాలలో వేసి, గంటలోపు దంతవైద్యుని దగ్గరకు చేరండి.

9. తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత, స్పృహ తప్పడం ఉంటే ఆలస్యం చేయవద్దు. ఎముక విరిగిందని అనుమానం ఉంటే గట్టిగా పసరుకట్టు కట్టించవద్దు. రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఉంది.

పెద్దవారికీ ఆట కావాలి

ఆపరేషన్ అయిన తరువాత మూడు బంతుల పరికరం ఇచ్చి ఊపిరి పీల్చమంటే, ఒక తాతగారు ఎంత చెప్పినా వినలేదు. మా ఫిజియోథెరపీ తమ్ముడు, "తాతగారూ, కూతకు వెళ్ళే ముందు గుండెల నిండా పీల్చేవారు కదా, అలా పీల్చండి" అన్నాడు. ఆయన వెంటనే నిటారుగా కూర్చున్నారు. మర్నాటికి మూడో బంతి లేచింది.

65 ఏళ్ళు దాటినవారు తూలి పడకుండా ఉండాలంటే వారానికి కనీసం 3 రోజులు నిలకడ పెంచే కసరత్తులు చేయాలి. తొక్కుడుబిళ్ళ గెంతమనడం లేదు! వంటగట్టునో, గట్టి బల్లనో పట్టుకొని, పక్కన ఒక మనిషి ఉండగా, ఒంటికాలి మీద పది లెక్కపెట్టండి. తరువాత రెండో కాలు. తల తిరిగేవారు, కొత్తగా ఆపరేషన్ అయినవారు ముందు మమ్మల్ని అడగండి.

జెకర్యా ప్రవక్త తన గ్రంథం 8వ అధ్యాయంలో, దేవుడు తిరిగి బాగుచేసే యెరూషలేమును మన కళ్ళకు కట్టిస్తాడు. అక్కడ వీధుల్లో చేతికర్ర ఊతంగా కూర్చున్న ముసలివారు ఉంటారు. అవే వీధుల్లో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు. బాగుపడిన ఊరికి ఆ ప్రవక్త చెప్పిన గుర్తులలో అది ఒకటి.

కనుక ఈ ఆదివారం ఆరాధన అయిన తరువాత ఇంటికి తొందరపడకండి. గుడి ఆవరణలో పది నిమిషాలు ఆగండి. తాతయ్యలు, మామ్మలు తమకు తెలిసిన ఒక్క ఆట పిల్లలకు నేర్పండి. పంటలు వేసేటప్పుడు గోడ పక్కన ఎవరైనా ఒంటరిగా నిలబడ్డారేమో ఒకసారి చూడండి. ఉంటే చేయిపట్టి తీసుకురండి. అరటిపండుగా కాదు, అందరితోపాటు పంట వేయడానికి.

మామ్మగారు వాకరు పట్టుకొని నడుస్తూ ఇంటికి వెళ్ళారు. చింతపిక్కలు మాత్రం వార్డులోనే వదిలివెళ్ళారు, తరువాత వచ్చేవారికి ఉంటాయని. సిస్టరు బల్ల సొరుగులో ఉన్నాయి. కావలసినవారు అడిగి తీసుకోవచ్చు.