ఫ్రాన్సిస్ ఫార్మర్: ‘పిచ్చి’ అనే ముద్ర

హాలీవుడ్ నటి ఫ్రాన్సిస్ ఫార్మర్‌ను ‘వింత మనిషి’ అని తేల్చేయడం తేలిక. ఆ మాట ఎవరికి అవసరమైందన్నదే నా ప్రశ్న.

1913లో సియాటిల్‌లో పుట్టిన ఫార్మర్, 1931లో విద్యార్థినిగానే దేవుణ్ణి ప్రశ్నిస్తూ వ్యాసం రాసి బహుమతి పొందింది. 1935లో ఒక వామపక్ష పత్రిక పోటీలో గెలిచి, తల్లి వద్దన్నా సోవియట్ యూనియన్ వెళ్లొచ్చింది. 1936 నాటి ‘కమ్ అండ్ గెట్ ఇట్’ పేరు తెచ్చాక కూడా స్టూడియో చెప్పినట్టల్లా ఆడలేదు. 1937లో గ్రూప్ థియేటర్‌లో క్లిఫర్డ్ ఒడెట్స్ ‘గోల్డెన్ బాయ్’ నాటకంలో నటించింది. తాగింది, తగాదా పడింది, 1942లోనూ 1943లోనూ అరెస్టయింది. 1944లో తల్లి పూనికతో పిచ్చాసుపత్రి పాలై, మధ్యలో కొద్దికాలం తప్ప 1950 దాకా అక్కడే మగ్గింది.

అక్కడ ఆమె మెదడుకు కోత పెట్టారని 1978లో విలియం ఆర్నాల్డ్ ‘షాడోలాండ్’లో రాశాడు, 1982 నాటి ‘ఫ్రాన్సిస్’ చిత్రం అదే చూపింది. దానికి ఆధారం లేదు. పుస్తకంలో కల్పన ఉందని రచయితే తర్వాత కోర్టులో ఒప్పుకున్నాడు.

మన వాదానికి బలమిస్తుందని కల్పనను వాస్తవంగా స్వీకరించరాదు. జరిగిన అన్యాయానికి అతిశయోక్తి అక్కర్లేదు. పైగా ఆ కల్పన, 1958 నుంచి ఇండియానాపోలిస్ టెలివిజన్‌లో ఆరేళ్లు కార్యక్రమం నడిపిన మనిషిని కూడా చెరిపేస్తుంది. 1970లో చనిపోయిన ఆ స్త్రీపై అది రెండో ముద్ర.