తుపాకుల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ఊరు

ఎల్లోస్టోన్ పార్కు తూర్పు ద్వారానికి 80 కిలోమీటర్ల దూరంలో, వయోమింగ్ రాష్ట్రంలో ఉంది కోడీ. జనాభా పదివేల చిల్లర. ‘బఫెలో బిల్’గా పేరుమోసిన విలియం కోడీ పేరే ఊరికి పెట్టారు. పార్కుకు పోయేవాళ్ళకు ఇది పెట్రోలు పోయించుకునే మజిలీ. ‘మోసగాళ్ళకు మోసగాడు’ లాంటి కౌబాయ్ సినిమాలు చూసి పెరిగినవాళ్ళు మాత్రం ఒక పూట ఆగాలి.

లీవర్ కిందికి లాగి పైకి మూస్తే ఖాళీ గుల్ల ఎగిరిపడి కొత్త తూటా ఎక్కే వించెస్టర్ రైఫిళ్ళు ఇక్కడ పుట్టలేదు. చొక్కాల వ్యాపారి ఆలివర్ వించెస్టర్ 1866లో పెట్టిన కంపెనీ దూరాన కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో ఉండేది. ఆ కంపెనీ దాచుకున్న తుపాకులు 1970లలో కోడీలోని మ్యూజియానికి చేరాయి. వాటికంటే విలువైనవి, నా దృష్టిలో, ఆ మ్యూజియంలోనే ఉన్న ఫ్యాక్టరీ చిట్టాలు. పాత రైఫిల్ కొనబోయేవాళ్ళు సీరియల్ నంబరు పంపి రుసుము కడితే, అది చిట్టాకెక్కిన తుపాకీ అయితే, ఏ బారెల్‌తో ఎప్పుడు గోదాము దాటిందో ఉత్తరం వస్తుంది. ఉత్తరంలో గుండ్రటి బారెల్ అని ఉండి, చేతిలో ఎనిమిది పలకల బారెల్ ఉంటే బేరం అక్కడితో సరి.

ఎవరు కొన్నారో మాత్రం చిట్టాలు చాలావరకు చెప్పవు. 2014లో నెవాడాలోని గ్రేట్ బేసిన్ పార్కులో ఒక జూనిపర్ చెట్టుకు ఆనించి ఉన్న 1873 మోడల్ రైఫిల్ దొరికింది. మడమ మట్టిలో కూరుకుపోయి చీలిపోయింది. దాన్ని కోడీకి తెచ్చి, ఊరి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. మడమలోని అరలో ఒక తూటా ఉంది. రైఫిల్ 1882లో తయారైందని చిట్టా చెప్పింది. చెట్టుకు ఆనించి వెళ్ళినవాడెవడో, ఎందుకు తిరిగి రాలేదో తేలలేదు.

వించెస్టర్లలో వేటగాళ్ళు ఎక్కువగా వాడింది జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1894 మోడల్. 70 లక్షలకు పైగా తయారయ్యాయి. ఖర్చు తగ్గించడానికి 1964లో తయారీ మార్చారు కాబట్టి, అంతకు ముందువాటికి గిరాకీ ఎక్కువ. న్యూ హేవెన్ ఫ్యాక్టరీ 2006లో మూతపడింది. ఇప్పుడు ఈ పక్కా అమెరికన్ తుపాకీ జపాన్‌లో తయారవుతోంది!

కొన్న పాత తుపాకీని నేరుగా పేల్చకూడదు. ముందు తుపాకులు బాగుచేసే మిస్త్రీకి చూపించాలి. 1873 మోడల్‌వి నల్లటి పాతకాలపు తుపాకిమందుకు చేసినవి, నేటి బలమైన తూటాలకు తట్టుకోలేవు. 1894 మోడల్‌కు ముక్కు చదునుగా ఉన్న తూటాలే వాడాలి. బారెల్ కింది గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. గట్టి మొన ఉంటే అదిరినప్పుడు ముందున్న తూటా అడుగును పొడిచి లోపలే పేలవచ్చు. ఇక మొదటిసారి పేల్చేవాళ్ళు లీవర్‌ను సుతారంగా సగం దాకా లాగి ఆపేస్తారు. గుల్ల ఇరుక్కుంటుంది. చివరిదాకా, గట్టిగా లాగాలి.