మీకు తెలుసా? పోక్సోలో జడ్జి కూడా తగ్గించలేని ఏళ్లు

◆ పిల్లలపై లైంగిక నేరాలకు కేంద్రం ఒక ప్రత్యేక చట్టం తెచ్చింది 2012లోనే. ఆ ఏడాది నవంబరు 14న, సరిగ్గా బాలల దినోత్సవం నాడు పోక్సో అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా భారత శిక్షాస్మృతి (ఐపీసీ) లెక్కలో అత్యాచారం అంటే ఆడవాళ్లకు జరిగేదే. పోక్సోకు ఆ తేడా లేదు. 18 నిండని మగపిల్లవాడి గోడునూ అది వింటుంది.

◆ అత్యాచారానికి మొదట్లో కనీస శిక్ష 7 ఏళ్లు. 2019 సవరణతో 10 అయింది. బిడ్డకు 16 నిండకపోతే 20. పన్నెండేళ్లలోపు పసివాళ్లయినా, చేసినవాడు బడి సిబ్బందో రక్తబంధువో అయినా 20తో మొదలై ఉరిదాకా వెళ్తుంది. ఇక్కడ యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లు కాదు, ఊపిరి ఉన్నంతకాలం.

◆ కనీసం అంటే కనీసమే. 2013కు ముందు ఐపీసీ కింద జడ్జి ప్రత్యేక కారణాలు రాసి అంతకన్నా తక్కువ వేయగలిగేవారు. పోక్సోలో ఆ వెసులుబాటు లేదు. ఉత్తరప్రదేశ్ కేసు ఒకదానిలో అలహాబాద్ హైకోర్టు 10 ఏళ్లను 7కు తగ్గిస్తే, 2023లో సుప్రీంకోర్టు తిరిగి 10 చేసింది.

◆ బట్టల మీంచి తాకితే పోక్సో కిందికి రాదని 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి అంది. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చూడాల్సింది దురుద్దేశం, బట్ట మందం కాదు.

◆ ఉరి పడటం వేరు, తీయడం వేరు. 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసికందుపై జరిగిన ఘోరానికి ఆగస్టుకల్లా వరంగల్ కోర్టు ఉరి వేసింది. నవంబరులో హైకోర్టు దాన్ని చచ్చేదాకా జైలుగా మార్చింది.

◆ ఉరి పెట్టడం మంచిదేనా అన్న వాదన ఇంకా తెగలేదు. జాతీయ నేర గణాంకాల్లో పోక్సో నిందితుల్లో పదిమందికి తొమ్మిదిమందికి పైగా బిడ్డకు తెలిసినవాళ్లే. 'సొంత బాబాయిని ఉరికంబం ఎక్కిస్తావా?' అని నిలదీసే ఇంటి నుంచి ఫిర్యాదు బయటికొస్తుందా? నాకైతే అనుమానమే.

◆ బిడ్డ దగ్గర వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. బిడ్డ స్టేషనుకు రానక్కర్లేదు, ఇంట్లోనే చెప్పొచ్చు. కోర్టులో వకీలు బిడ్డను నేరుగా ప్రశ్నించడానికి లేదు. ప్రశ్న జడ్జికి ఇస్తే ఆయన అడుగుతారు. నేరస్థుడు కట్టే జరిమానా బిడ్డ వైద్యానికి, పునరావాసానికి పోవాలి.

◆ తెలిసీ చెప్పకపోవడమూ నేరమే. పరువు పోతుందని దాచిన పెద్దలకు ఆరు నెలల దాకా, సిబ్బంది చేసిన నేరాన్ని కప్పిపెట్టిన సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు. పిల్లలకు మాత్రం ఈ సెక్షన్ వర్తించదు. చైల్డ్‌లైన్ నంబరు 1098. పగలైనా రాత్రైనా పలుకుతుంది, డబ్బు పడదు.