నీరు తీసిన తరువాత

కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులనుండి నీరు చేరును. సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరే దారి. అందుచే 2024 సెప్టెంబరులో బుడమేటి వరద వచ్చినపుడు లంకగ్రామములు దినములతరబడి నీటి నడుమ నుండెను. నీరు తీసినది. నాటి రాత్రి జడిసిన బిడ్డ మనస్సున వరద తీసినదా యని మేము శ్రోతల నడుగుచున్నాము.

అపాయము గడచినను పసిదేహము కాపలా మానదు. చినుకుల చప్పుడునకే గుండె దడదడలాడును. పీడకలలు వచ్చును, పక్క తడియును. కొందరియందిది పెద్దయిన పిమ్మటను నిద్రలేమిగా, కారణము తెలియని కోపముగా మిగులును. ఏలూరునందో తాడేపల్లిగూడెమునందో కొలువు చేయు నడివయసువానికి వానరాత్రి కునుకు పట్టకున్న, అది పిరికితనము కాదు.

“మరచిపొమ్ము” అనుట మందు కాదు. బిడ్డకు వేళకు తిండి, నిద్ర, బడి మరల కుదుర్పుడు. చెప్పినపుడు వినుడు, చెప్పుమని నిర్బంధింపకుడు. నెల దాటినను బాధ తగ్గనిచో వైద్యునికి చూపుడు. శిక్షణ పొందిన చికిత్సకుని అండన ఆ జ్ఞాపకమును కొద్దికొద్దిగా మాటలలో పెట్టి, పెద్దవయసునందును కోలుకొనువారు కలరు. టెలీమానస్ వారి 14416 సంఖ్యకు రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగుననే మాటలాడవచ్చును.